మొరవ వీధి నీటిరాయి

"నువ్వు నోరు తెరిసినావంటే నా ఉద్యోగం పాయె. అంతే. ఇంగ నేను సెప్పేదేమీ లేదు."

చెప్పేదేమీ లేదంటూనే దామోదర్ పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి చెప్పడం. వంటింటి గడప మీద నిలబడి గొంతు బాగా తగ్గించి చెబుతున్నాడు. పక్కింటికీ ఈ ఇంటికీ నడుమ ఉన్నది ఒంటి ఇటుక గోడ. అవతల సాదిక్ వాళ్లమ్మ ఇమాంబీ గిన్నె దించినా ఇవతల వినపడుతుంది.

తల్లి నారాయణమ్మ పొయ్యి ముందర తెడ్డు పట్టుకొని కూర్చుంది. సంకటి అడుగంటిన వాసన ఇల్లంతా కమ్ముకున్నా ఆమె ముక్కుకు తగల్లేదు. రెండు దినాలుగా ఆమె ఒంట్లో ఉన్నదంతా ఒక్కటే, భయం. నిలబడితే మోకాళ్లు వణుకుతున్నాయని కూర్చొని చేసే పనులే వెతుక్కుంటోంది.

"సాదిక్ ఈ పొద్దు కూడా స్టేషన్‌కు పోయినాడు గదరా," అంది మెల్లగా.

"పోతే ఏమైతాది? కూసోబెట్టి అడుగుతారు, సాయంత్రం పంపిస్తారు. వాణ్ని ఎవరూ ఒక దెబ్బ కూడా కొట్టలేదు."

"ఆటో ఆడనే పెట్టుకున్యారు. రేపు మదనపల్లెలో విచారణ అయినాక కేసు రాస్తారంట. సర్వే రాయి పెరికినాడని."

"రాయనీలే. వాళ్లు సూసుకుంటారు."

"వాడు యాడ పెరికినాడురా? నేను పెరికించినాను."

దామోదర్ చటుక్కున వీధి వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు. "అదే. ఆ మాటే అనొద్దంటాండాను," అన్నాడు పళ్లు బిగించి.

ఎంత పని చేసింది ఆ మహాతల్లి! చేసేటప్పుడు మాత్రం పుణ్యం చేస్తున్నాననే అనుకుంది.

పుంగనూరు శివారులో పాపమ్మ చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటును మొరవ అంటారు. దాని కింద రెండు వరుసల ఇళ్లే మొరవ వీధి. నారాయణమ్మ మొగుడు రామప్ప ఆ చెరువుకు నీరుగంటి. తూము తీసీ మూసీ ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచి పెట్టినవాడు. చెరువు లోపలి అంచున ఒక రాయి ఉండేది. ఎప్పటి సర్వేవాళ్లు నాటారో ఏమో, చెరువు నిండిందంటే నీళ్లు ఆ రాయి నడుమును తాకి నిలబడతాయి. అందుకే అది నీటిరాయి. నీళ్లు రాయిని తాకిన ఏడు నీరుగంటి పెండ్లాం పోయి పసుపు పూసి, పొంగలి పెట్టి, గంగమ్మకు మొక్కి రావాలి. పెండ్లయి వచ్చిన నాటి నుంచి నారాయణమ్మ ఆ పనిలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మొన్న ఆషాఢంలో ఆడికి జేసీబీ వచ్చింది. చెరువు లోతట్టును చదును చేసి ప్లాట్లు గీసి, 'గట్టు గార్డెన్స్' అని బోర్డు నాటారు. ఆ భూమి కాగితాల్లో చెరువు ముంపు, ఇల్లు కట్టకూడదు. దాన్ని ఇళ్ల జోన్‌లోకి మార్చమని అర్జీ పెట్టుకున్నారు. రేపు మదనపల్లెలో విచారణ ఆ అర్జీ మీదనే. జేసీబీ రాళ్లన్నిటినీ ఒక పక్కకు నెట్టి కుప్ప పోస్తుంటే, గంగమ్మను కూడా ఆ కుప్పలో కలిపేస్తారని నారాయణమ్మ గుండె గుబేలుమంది. రామప్పను అడుగుదామంటే ఊళ్లో లేడు. కంటి ఆపరేషన్‌కని కుప్పంలో కూతురు ఇందు ఇంటికి పోయి ఉన్నాడు. అప్పుడు ఇమాంబీ కొడుకు సాదిక్‌ను బతిమాలుకుంది. వాడు టమాటా బాక్సులు తోలే లగేజీ ఆటోలో వరిగడ్డి పరిచి, వీధి లేవకముందే గడ్డపారతో రాయిని పెరికి, బాలింతను తెచ్చినంత పదిలంగా తెచ్చి ఆమె ఇంటి ముందర అరుగు మీద నిలబెట్టాడు. పసుపు, కుంకుమ, వెండి కండ్లు, చిన్న ఎర్రగుడ్డ. బోయకొండ గంగమ్మ గుడికి పోయే దారిలో దొరికిందని ఈమె అందరికీ చెప్పింది. మంగళవారం, శుక్రవారం వీధి ఆడవాళ్లంతా దీపాలు పెట్టడం మొదలుపెట్టారు.

కాపాడినాననుకుంది. చెరువు ఎంతవరకో చెప్పే ఒకే ఒక్క గుర్తును తానే ఊడబెరికి ఇంటికి తెచ్చుకున్నానని తెలిసింది మొన్ననే, కొలతలకు వచ్చినవాళ్లకు ఆడ రాయి కనపడనప్పుడు. ప్లాట్లవాళ్లు వెంటనే ఫిర్యాదు పెట్టారు. రాయి చెరువు లోపల ఇంకా దిగువన ఉండేదంట, అదుంటే తమ ప్లాట్లు ముంపులో లేవని తేలిపోతుందంట, అందుకే మొరవ వీధివాళ్లు పెరికేసినారంట. ఆ దినం సాదిక్ ఆటోను చూశానని వాళ్ల వాచ్‌మన్ చెప్పాడు.

ఇక దామోదర్. వార్డు సచివాలయంలో ప్లానింగ్ పని, ఇంకా పర్మనెంట్ కాలేదు. 'స్థలంలో రాయి లేదు' అన్న కాగితం మీద సంతకం వాడిదే. ఆ రాయి తన ఇంటి అరుగు మీదనే ఉందని వాడికి నిన్న సాయంత్రం తల్లి చెప్పేదాకా తెలియదు.

"నాకు తెల్లేదంటే ఎవరన్నా నమ్ముతారామ్మా? దినామూ దానికి దండం పెట్టుకోని ఆఫీసుకు పోయినోణ్ని. ఇంట్లో దాసిపెట్టి యాడా లేదని రాసినాడంటారు. ఉద్యోగం పోవడం కాదు, నన్ను కూడా లోపలేస్తారు."

"సాదిక్ నా పేరు సెప్పలేదురా. నిన్న కొళాయి కాడ కనపడి, 'పెద్దమ్మా, నువ్వు సెప్పేదాకా నేను సెప్పను' అని పోయినాడు. వాడు నన్ను నాలుగు తిట్టింటే బాగుండు."

"వాడు నీ కొడుకా, నేను నీ కొడుకా?"

దామోదర్ చెప్పులేసుకొని బయటికి పోయాడు. బండి స్టార్టయిన చప్పుడు వీధి చివర దాకా వినపడింది.

*

పదకొండు గంటలప్పుడు దినేష్ వచ్చాడు. పెద్దపంజాణి మనిషి, గట్టు గార్డెన్స్‌లో ప్లాట్లు అమ్మేది అతనే. మర్యాదకు పెట్టింది పేరు. చెప్పులు వీధి మధ్యనే విడిచి, చేతిలో మల్లెపూల దండ పట్టుకొని వచ్చి, గంగమ్మకు వేసి, కండ్లు మూసుకొని చాలాసేపు నిలబడ్డాడు. నారాయణమ్మ తలుపు పక్కన ఒదిగి నిలబడి చూస్తోంది. లోపల మంచం మీద రామప్ప నిద్రలో ఉన్నాడు.

"బాగుండావామ్మా?"

"ఊ."

"గంగమ్మ సల్లగా ఉండాది. ఈడ పెట్టుకోని ముప్పై ఏండ్లుంటాదా?"

నారాయణమ్మ తలుపు చెక్కను గట్టిగా పట్టుకుంది.

"ఉంటాదిలే. నువ్వు పెండ్లయి వచ్చినప్పట్నుంచి ఈడనే ఉండాదంట గదా. ఎవరు అడిగినా అట్లనే సెప్పు. ఉన్న మాటే గదా." అతను దండ సరిచేస్తూ నవ్వాడు. "మా లేఅవుట్‌లో గుడికని రెండు సెంట్లు ఇడిసిపెట్టినాము. అమ్మను ఆడ పెట్టి బాగా కట్టిద్దాము. నీ పేరే రాయిద్దాము."

"నాకెందుకప్పా పేరు."

"నీకొద్దంటే దామోదర్ పేరు రాయిద్దాము. మంచి పిల్లోడు. పర్మనెంటు అయ్యే టైములో ఉండాడు, పాపం."

ఆ 'పాపం' అన్న మాట దేనికో నారాయణమ్మకు అర్థమైంది. అయినా ఉండబట్టలేక అడిగింది.

"సాదిక్ సంగతి ఏమప్పా?"

"రేపు పని అయిపోతే వాని ఆటో వానికి వస్తాది. కేసు వద్దని నేనే సెప్తా. మనకెందుకమ్మా పిల్లోళ్ల ఉసురు." దినేష్ గొంతు ఇంకా మెత్తబడింది. "కాకపోతే ఒకటి. ఈ రాయే ఆ రాయి అని తేలిందనుకో. గంగమ్మను ఆ సాయిబుల పిల్లోడు గడ్డపారతో పెరికినాడని ఎవరో ఒకరు అంటారు. ఊర్లో ఏమైతాదో నీకు తెల్దా? నేననను. నేను యాలంటాను? కానీ అనేవాళ్లు ఉంటారు గదా."

కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ చిప్పను ఎక్కడ పెట్టాలో కూడా ఆమెకు తోచలేదు. సాదిక్ ఎర్రగా, పొడుగ్గా, అరిస్తే వీధంతా వినపడే గొంతుతో టమాటా బాక్సుల ఆటో తోలుకుంటూ వెళ్లడం కళ్ల ముందు తిరిగింది. ఆ పిల్లోణ్ని పది మంది చుట్టుముట్టినట్టు కూడా కనపడింది. తల విదిలించుకుంది. అయినా కనపడుతూనే ఉంది.

అంతలో ఇంకో సంగతి తట్టింది. ఈ రాయే ఆ రాయి అని దినేష్‌కు ఎట్లా తెలుసు? తెలిసింది ముగ్గురికే. తనకు, సాదిక్‌కు, నిన్న సాయంత్రం నుంచి దామోదర్‌కు. సాదిక్ చెప్పడు. ఆ తరవాత ఇంక ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

*

మధ్యాహ్నం ఇమాంబీ వచ్చింది. రోజూ వచ్చే మనిషే. నిన్న ఇద్దరూ పక్కపక్కనే కూర్చొని ఏడ్చారు. ఈ పొద్దు ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, రామప్ప వైపు తిరిగింది.

"అన్నా, రేపు నువ్వు వస్తావు గదా? మా ఇంటాయన కాగితాలన్నీ సిద్ధం చేసినాడు. నువ్వొచ్చి ఆ రాయి యాడుండెనో సెప్తే సాలు."

ఆమె ఇంటాయన అలావుద్దీన్. వీధి కింది చివర పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ నడుపుతాడు. జోన్ మార్చొద్దని వీధి తరపున అర్జీ రాసింది ఆయనే.

"సెప్తా ఇమాంబీ. జంటగుండ్ల నడుమ ఉండె. నేను కండ్లు మూసుకోని కూడా నడిసిపోతా ఆడికి," అన్నాడు రామప్ప.

"కండ్లు కనపడని ముసలాయన మాట ఎవరు నమ్ముతారని వాళ్లు అంటాండారంట అన్నా."

రామప్ప దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు.

"నాలుగేండ్ల కిందట వానలకు ఏమైందో గ్యాపకం ఉండాదా అక్కా?" ఇమాంబీ నారాయణమ్మ వైపు తిరిగింది. "నడుం లోతు నీళ్లు మా ఇంట్లో. మనవరాలు ఉజ్మాకు అప్పటికి పదకొండు నెలలు. అటక మీద పండబెట్టి, తెల్లారేదాకా నేను నిచ్చెన మీద నిలబడినాను. గూళ్లన్నీ నీళ్లలో తేలతాండె. అప్పుడు చెరువు చెరువు మాదిరిగా ఉండె. ఇప్పుడు సగం చెరువులో మట్టి పోసి ఇండ్లు కడితే ఆ నీళ్లు యాడ నిలబడతాయి? అన్నీ మొరవ మీదుగా మన మీదికే గదా. నాకు నీళ్లంటే భయమక్కా. ఆకాశం మోడం పట్టితే సాలు, బిడ్డను ఎత్తుకుంటాను."

నారాయణమ్మ తలొంచుకొని కొంగు అంచు నలుపుతోంది. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట.

"సాదిక్ ఏమన్నా సెప్పినాడా?" అని మాత్రం అడిగింది.

"నోరు మెదపడు. ఆటోలో ఏమి తెచ్చినావురా, ఎవరికి తెచ్చినావురా అంటే గోడ సూస్తాడు. వాళ్ల నాయన చెయ్యి కూడా ఎత్తినాడు నిన్న. అయినా సెప్పలేదు. ఎవరినో కాపాడతాండాడక్కా. వాళ్లెవరో గానీ, వాళ్లకు బిడ్డలు లేరేమో."

ఇమాంబీ లేచి వెళ్లింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నారాయణమ్మ తెడ్డు కడగడానికని లేచి, కడగకుండానే మళ్లీ కూర్చుంది. రామప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు.

"బోయకొండ దారిలో దొరికిందన్యావు."

నారాయణమ్మ తెడ్డు కింద పెట్టింది.

"ఆపరేషన్ అయినాక నాకు బాగానే కనపడతాండాదే. కనపడకపోయినా సేత్తో తడిమితే తెల్దా? నలభై ఏండ్లు దాని పక్కన కూసోని బీడీ తాగినోణ్ని."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"కుప్పం నుంచి వచ్చిన మూడో దినం."

"మరి యాల అడగలేదు?"

రామప్ప దుప్పటి అంచు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. "భయమేసింది," అన్నాడు. "నీరుగంటోని ఇంట్లోనే నీటిరాయి ఉండాదని తెలిస్తే ఈ మొగం యాడ పెట్టుకుందును. ఎవరికీ తెలీకుంటే సాలనుకున్యా. ఇంతవరకు వస్తాదనుకోలేదు."

ఇంటికి పెద్ద దిక్కు అనుకున్న మనిషి కూడా ఇన్నాళ్లుగా తన మాదిరే వణుకుతూ పండుకున్నాడని తెలిసి నారాయణమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. ఇంక ఈ ఇంట్లో ఎవరో ఒకరు లేవాలి, అది తానే అని మాత్రం అర్థమైంది.

*

సాయంత్రం నాలుగున్నర. మంగళవారం గదా, వీధి ఆడవాళ్లు దీపాల పళ్లేలతో ఒక్కొక్కరే వస్తున్నారు. ఎదురింటి రత్నమ్మ ముందుగా వచ్చి, అరుగు దగ్గర ఆగిపోయింది.

నారాయణమ్మ బిందె నిండా నీళ్లు, కొబ్బరిపీచు పెట్టుకొని కూర్చొని ఉంది. ఎర్రగుడ్డ విప్పి మడిచి పక్కన పెట్టింది. దినేష్ వేసిన దండ తీసి కింద పెట్టింది. వెండి కండ్లను గోటితో మెల్లగా ఊడదీసింది. ఒకటి జారి కింద పడింది.

"తప్పయిపోయింది తల్లీ," అని నీళ్లు పోసింది.

"ఏమి సేస్తాండావు నారాయణమ్మా? దీపాల యాళకు అమ్మకు పసుపు కడుగుతారా ఎవరైనా?" రత్నమ్మ పళ్లెం వెనక్కి తీసుకుంది.

నారాయణమ్మ జవాబివ్వకుండా రుద్దుతోంది. మూడు నెలల పసుపు, నూనె, కుంకుమ గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్నాయి. పచ్చటి నీళ్లు అరుగు మీద నుంచి వీధిలోకి పారుతున్నాయి. ఆడవాళ్లు కాళ్లకు తగలకుండా వెనక్కి జరిగారు. ఒకామె చెంపలు వేసుకుంది. నారాయణమ్మకు గంగమ్మ అంటే భయం, స్టేషన్ అంటే భయం, దినేష్ అంటే భయం. ఏ భయం ఎక్కువో తెలియక చేతులను మాత్రం ఆపకుండా ఆడిస్తోంది.

రాయి బయటపడింది. నడుమ ఉలితో చెక్కిన అడ్డగీత, దాని కింద బాణం గుర్తు, ఏవో అంకెలు. రామప్ప ఎప్పుడు వచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. వంగి ఆ గీత మీద వేలు పెట్టాడు. "ఇదే. నీళ్లు ఈడికి," అన్నాడు అందరికీ వినపడేటట్టు.

నారాయణమ్మ లేచి నిలబడింది.

"ఇది నీటిరాయి. బోయకొండ దారిలో దొరకలేదు. జేసీబీవాళ్లు పారేస్తారని నేనే పెరికించి తెచ్చుకున్యాను. సాదిక్ నా మాట విని ఆటో తెచ్చినాడు. వాని తప్పేమీ లేదు. పాపమొస్తే నాకు రానీ, కేసు వస్తే నాకు రానీ."

ఆ మాటలు ఎవరికి వినపడాలో వాళ్లకు వినపడ్డాయి. పక్కింటి గడపలో ఇమాంబీ నిలబడి ఉంది. సంకలో ఆమె మనవరాలు ఉజ్మా. ఇమాంబీ మెట్లు దిగి, పచ్చనీళ్లు దాటి, రాయి దగ్గరికి వచ్చి చూసింది. తరవాత నారాయణమ్మను చూసింది.

"నిన్న నా పక్కన కూసోని నాతో పాటు ఏడిసినావే అక్కా," అంది.

గట్టిగా అనలేదు. తిట్టలేదు. అరిస్తే నారాయణమ్మకు కాస్త ఊపిరాడేది. ముప్పై ఏళ్లుగా పండక్కి పాయసం ఇచ్చిన చెయ్యి, దామోదర్‌కు చలిజ్వరం వస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేసిన చెయ్యి, ఇప్పుడు బిడ్డ తలను తన భుజానికి ఒత్తుకొని వెనక్కి తిరిగింది. ఇమాంబీ ఇంట్లోకి పోయింది. లోపల గడియ పడిన చప్పుడైంది. పగటిపూట ఆ తలుపుకు గడియ పడటం మొరవ వీధిలో అంతకుముందు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"స్టేషన్‌కు పోదాం పద," అన్నాడు రామప్ప. "ఆటో ఎవరిదన్నా అడుగుతా. రాయిని కూడా ఎత్తుకోని పోవాల."

ఆయన రెండడుగులు వేశాడో లేదో, వీధి మొగదల్లో తెల్ల కారు తిరిగింది. ఇరుకు వీధి. కారు ఆగితే సైకిలు కూడా పోవడానికి దారి లేదు. అది సరిగ్గా అరుగు ముందరికి వచ్చి ఆగింది. ఆడవాళ్లు గోడలకు అతుక్కున్నారు. స్టీరింగ్ దగ్గర దినేష్ దిగకుండా కూర్చొని, కడిగిన రాయిని చూస్తున్నాడు. మొహంలో నవ్వు లేదు.

పక్క సీటు తలుపు తెరుచుకొని దామోదర్ దిగాడు.

అప్పటిదాకా నారాయణమ్మకు ఎన్నో భయాలు. కన్నకొడుకును చూసి భయపడటం మాత్రం ఇదే మొదలు.

"అమ్మా, లోపలికి పో," అన్నాడు దామోదర్. ఆమె మొహం చూడకుండా రాయినే చూస్తున్నాడు. "నాయనా, నువ్వు కూడా. ఈ రాయి సంగతి నేను సూసుకుంటా."

"ఏమి సూసుకుంటావురా?"

"లోపలికి పో అంటాండాను గదా."

కారు వెనక డిక్కీ తలుపు దానంతట అదే పైకి లేచింది. నారాయణమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. రాయికీ కొడుక్కూ నడుమ వచ్చి నిలబడింది.

"దామూ. సాదిక్ ఆడ కూసోని ఇది రెండో దినం. నేను వాణ్ని తెచ్చుకోవాల. నన్నూ, ఈ రాయినీ అదే కారులో ఎక్కించుకోని స్టేషన్‌కు తీసకపోతావా, లేకపోతే నన్ను నూకి రాయిని ఎత్తుకోని పోతావా? నాకు బలం లేదురా. ఏదైనా నువ్వే సెయ్యాల."

దామోదర్ మొదటిసారి తల్లి కండ్లలోకి చూశాడు. ఆ తరవాత తల తిప్పి, కారులో ఉన్న దినేష్ వైపు చూశాడు.